బ్యాటరీ దిగిపోయిన తర్వాత

బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయడం పెద్ద పని కాదు. పక్క బండి నుంచి జంపర్ కేబుళ్లు తగిలిస్తేనో, కొత్త బ్యాటరీ వేస్తేనో ఇంజన్ అందుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. డ్యాష్‌బోర్డు మీద అంతకుముందు ఎన్నడూ కనిపించని లైట్లు వెలుగుతాయి. ఒక్క నొక్కుతో పైదాకా వెళ్లే కిటికీ అద్దం సగంలో ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర బండి నిలిపితే ఇంజన్ ఆరిపోతుంది. రెండు రోజులు బాగానే నడిచి, మూడోనాటి పొద్దుటికి బ్యాటరీ మళ్లీ దిగిపోతుంది. చూసేవారికి కారులో ఒక్కసారిగా నాలుగైదు భాగాలు పాడైనట్టు తోస్తుంది. ఆ తొందరలో సెల్ఫ్ మోటారో, డైనమోనో, ఇంకా ఖరీదైన కంప్యూటరో మార్చేయడం చాలాచోట్ల జరిగే పనే. చాలాసార్లు వాటిలో ఏదీ పాడై ఉండదు.

ఈ లోపాలను నాలుగు తెగలుగా విడదీయవచ్చు. మొదటి తెగ, బ్యాటరీని దించేసిన లోపం. రెండోది, కరెంటు చాలకపోవడం వల్లో, పూర్తిగా పోవడం వల్లో పుట్టిన తాత్కాలిక లోపాలు. మూడోది, బండిని స్టార్ట్ చేసే ప్రయత్నంలో మనిషి చేతుల మీదుగా జరిగినవి. నాలుగోది, వీటితో ఏ సంబంధమూ లేకుండా అదే సమయానికి బయటపడ్డవి. తర్కంలో కాకతాళీయ న్యాయం అని చెప్పేది ఈ చివరి తెగకు సరిగ్గా సరిపోతుంది: కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే, కాకి వల్లే రాలిందని అనుకోకూడదు. నాలుగు తెగల లోపాలూ డ్యాష్‌బోర్డు మీద ఒకేలా కనిపిస్తాయి. వెలిగిన లైటు పసుపా ఎరుపా అన్నదే గాని, అది కారణమో ఫలితమో దాని మీద రాసి ఉండదు. అందుకే ఈ పనిలో వస్తువుల పరిజ్ఞానం కంటే వెతికే వరస ముఖ్యం. ముందు బ్యాటరీ, తర్వాత కనెక్షన్లు, ఆ తర్వాత కంప్యూటర్లు మరిచిపోయినవి, ఆపైన ఫ్యూజులు, డైనమో, చివరికి ఆగి ఉన్న బండిలో కరెంటు కారిపోయే దారి. ఈ వరస తప్పితే సరిగ్గా కొలిచిన కొలత కూడా తప్పుదారి పట్టిస్తుంది.

కార్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీకి మూలరూపం 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసినది. సీసపు పలకలు, పలచని గంధకామ్లం. ప్రాథమిక సూత్రం ఇప్పటికీ అదే. 12 వోల్టుల బ్యాటరీ అంటే లోపల ఆరు సెల్స్, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. అందువల్ల పూర్తిగా చార్జ్ అయి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టులకు పైగా చూపాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పావు వంతు చార్జ్ మిగిలినట్టు. 11.8కి దిగితే ఖాళీ అయినట్టే. 12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులు కనబడితే అంతా బాగుందని అనుకోవడం ఈ పనిలో మొట్టమొదటి పొరపాటు. అప్పుడే ఇంజన్ ఆపిన బండిలోనో, చార్జర్ తీసిన వెంటనేనో కొలిస్తే పలకల పైపొరల్లో నిలిచిన చార్జ్ వల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని గంటలు ఆగడమో, హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేసి ఆర్పడమో చేశాకే కొలత నమ్మదగినది అవుతుంది.

వోల్టేజి బాగున్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. రోజుల తరబడి ఖాళీగా వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, మళ్లీ చార్జ్‌కు లొంగదు. ఆ మేరకు బ్యాటరీ ఎప్పటికీ కుదించుకుపోయినట్టే. అలాంటి బ్యాటరీ తీరికగా ఉన్నప్పుడు 12.5 చూపించి, తాళం తిప్పగానే కుప్పకూలుతుంది. సెల్ఫ్ మోటారు చిన్న కారులో కూడా వంద ఆంపియర్లకు మించి లాగుతుంది కాబట్టి, పరీక్ష ఆ బరువు కిందే జరగాలి. ఇంజన్ తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి పోకూడదు. మూతలున్న పాత తరహా బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ సాంద్రత చూడవచ్చు. అయిదు సెల్స్ దగ్గరదగ్గరగా ఉండి, ఒక్కటి మాత్రం 0.05 తక్కువ చూపితే ఆ సెల్ పోయింది. ఎంత చార్జ్ చేసినా ఆ బ్యాటరీ నిలబడదు. సెల్స్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు పలకలను చెరుపుతాయి.

బ్యాటరీ నిండుగా చార్జ్ కాకముందు, కారు కంప్యూటర్లు రాసుకున్న లోపాల కోడ్‌లను చదివే స్కానర్ తగిలించడం దండగ. ఈనాటి కారులో ఇంజన్‌కు, బ్రేకులకు, స్టీరింగ్‌కు, ఎయిర్‌బ్యాగులకు, తలుపులకు వేర్వేరు కంప్యూటర్లు ఉంటాయి. అవన్నీ రెండు సన్నని తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన క్యాన్ బస్ పద్ధతి ఇది. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి బాగా పడిపోతే ఈ కంప్యూటర్లలో కొన్ని ఆగి మళ్లీ మొదలవుతాయి, కొన్ని మొదలవవు. జవాబు రాని కంప్యూటర్ గురించి తక్కినవి ఫిర్యాదు రాసుకుంటాయి. యు అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు చాలావరకు ఇవే. బ్యాటరీ దిగిపోయిన బండిలో ఇలాంటివి గుంపుగా కనిపిస్తాయి. వాటి మధ్య పి0562 ఉంటే, వ్యవస్థ వోల్టేజి తక్కువైందని కారే స్వయంగా చెబుతున్నట్టు. ఏబీఎస్ లైటు, పవర్ స్టీరింగ్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకేసారి వెలిగాయంటే మూడు వ్యవస్థలూ ఒకే రాత్రి పాడయ్యాయని కాదు, మూడింటికీ ఒకేసారి తిండి అందలేదని. కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకుని, చెరిపేసి, పూర్తి చార్జ్ ఉన్న బ్యాటరీతో ఒకటి రెండు రోజులు నడిపి మళ్లీ చూడాలి. తిరిగి వచ్చిన కోడ్ మీదే పని మొదలుపెట్టాలి.

బ్యాటరీ తర్వాత వరసలో వచ్చేవి కనెక్షన్లు. ఎక్కువ మంది తప్పిపోయేది ఇక్కడే, ఎందుకంటే చెడిపోయిన కనెక్షన్ కంటికి బాగానే కనిపించవచ్చు. టెర్మినల్ చుట్టూ తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే అనుమానించడం తేలిక. కానీ పైన మెరుస్తున్న క్లాంపు లోపలి వైపు, సీసపు గుబ్బకు ఆనుకునే చోట, పలచని నల్లటి పొర కట్టి ఉండవచ్చు. చిన్న దీపాలకు కావలసిన ఒకటి రెండు ఆంపియర్లను ఆ పొర అడ్డుకోదు. లోపలి లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది. సెల్ఫ్ కొట్టేసరికి మాత్రం ‘టక టక’మని శబ్దం వచ్చి, లైట్లన్నీ కునుకుతాయి. దీన్ని బ్యాటరీ పోయిందని అనుకుంటారు, లేదా సెల్ఫ్ మోటారు పోయిందని.

దీన్ని తేల్చే పరీక్షకు కావలసింది మల్టీమీటరు, తాళం తిప్పడానికి మరో మనిషి. మీటరు ఎర్ర మొనను బ్యాటరీ పాజిటివ్ గుబ్బ నడినెత్తిన ఆనించాలి. నల్ల మొనను అదే గుబ్బకు బిగించిన క్లాంపు మీద పెట్టాలి. రెండింటి మధ్య దూరం ఒక అంగుళం కూడా ఉండదు. కనెక్షన్ బాగుంటే సెల్ఫ్ కొట్టినప్పుడు మీటరులో దాదాపు సున్నా కనిపిస్తుంది. అక్కడ ఒక వోల్టు కనిపించిందంటే, ఆ కాస్త జాగాలోనే ఒక వోల్టు వేడిగా వృథా అయిపోతోంది. ఇదే పద్ధతిలో బ్యాటరీ నెగెటివ్ గుబ్బకూ ఇంజన్ లోహానికీ మధ్య కొలిస్తే ఎర్త్ దారి సంగతి తెలుస్తుంది. అక్కడ 0.2 వోల్టుల కంటే ఎక్కువ నష్టం ఉండకూడదు. పాజిటివ్ నుంచి సెల్ఫ్ మోటారు దాకా మొత్తం దారిలో 0.5 మించకూడదు. ఓమ్స్‌లో పెట్టి తీగ బాగుందని తేల్చుకోవడం ఇక్కడ పనికిరాదు. నూరు పోగుల్లో ఒక్కటే మిగిలిన కేబుల్ కూడా ఓమ్స్ పరీక్షలో నెగ్గుతుంది, సెల్ఫ్ బరువు కింద ఓడిపోతుంది.

ఎర్త్ లోపాల తీరు విచిత్రంగా ఉంటుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమినుకుమంటుంది. హెడ్‌లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు కదులుతుంది. తన దారి మూసుకుపోయిన కరెంటు మరో దీపం గుండా తిరిగి వెళ్లడమే దీనికి కారణం. బాడీకి ఎర్త్ బోల్టు బిగించిన చోట రంగో, తుప్పో గీకి, శుభ్రమైన లోహం మీద మళ్లీ బిగిస్తే ఇలాంటివి పైసా ఖర్చు లేకుండా పోతాయి. టెర్మినళ్లను వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన వ్యాజలిన్ రాస్తే పొడి పట్టదు. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పాజిటివ్ విప్పుతున్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ కాకుండా ఉండేందుకే ఈ నియమం.

మూడో మెట్టు, కారు మరిచిపోయినవి. ఇవి లోపాలు కావు, చెరిగిపోయిన జ్ఞాపకాలు. గడియారం సున్నాకు వెళ్లడం అందరికీ తెలిసిందే. కొన్ని మ్యూజిక్ సిస్టమ్‌లు దొంగతనం అనుమానంతో కోడ్ అడుగుతాయి. కిటికీ అద్దం ఎక్కడ ఆగాలో, చేయి అడ్డం వస్తే ఎక్కడ వెనక్కి తగ్గాలో దాని మోటారు నేర్చుకున్నది పోతుంది. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా పైకి తీసుకెళ్లి స్విచ్చిని మరికొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. ఇంజన్ కంప్యూటరు ఐడిలింగ్‌కు థ్రాటిల్ ఎంత తెరవాలో నెలల తరబడి సర్దుకున్న లెక్క కొన్ని కార్లలో తుడిచిపెట్టుకుపోతుంది. థ్రాటిల్ నోటిలో మసి పేరుకున్న పాత బండిలో ఇది మరీ బయటపడుతుంది. ఆ మసిని పరిగణించి సర్దుకున్న లెక్క పోయి ఫ్యాక్టరీ లెక్క రావడంతో గాలి చాలక ఇంజన్ ఆరిపోతుంది. థ్రాటిల్ శుభ్రం చేసి, ఏసీ ఆపి, ఇంజన్‌ను కొన్ని నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, తర్వాత కొంత దూరం నడిపితే చాలాసార్లు కుదురుకుంటుంది. స్టీరింగ్ కోణం మరిచిపోయిన కార్లలో, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ లైటు వెలుగుతుంది. స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి, నెమ్మదిగా తిన్నగా నడిపితే కొన్నింటిలో ఆరిపోతుంది, కొన్నింటికి స్కానర్ కావాలి. ఏ కారుకు ఏ పద్ధతో దాని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. గ్లవ్‌బాక్సులో ఎవరూ తెరవకుండా పడి ఉండే ఆ పుస్తకం విలువ తెలిసేది ఇలాంటి రోజునే.

బండి ఆగినప్పుడు ఇంజన్‌ను తానే ఆపి మళ్లీ స్టార్ట్ చేసే ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్ల సంగతి కొంత వేరు. వాటిలో నెగెటివ్ టెర్మినల్ మీద ఒక సెన్సర్ బ్యాటరీ ఆరోగ్యాన్ని లెక్క కడుతూ ఉంటుంది. వాటికి ఈఎఫ్‌బీ, ఏజీఎం అనే ప్రత్యేక రకాల బ్యాటరీల్లో కంపెనీ చెప్పినదే వేయాలి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్ ద్వారా తెలియజేయాలి. లేకపోతే కారు ఇంకా ముసలి బ్యాటరీకే చార్జ్ చేస్తున్నట్టు ప్రవర్తిస్తుంది.

ఆ తర్వాత చూడవలసినవి బండిని బతికించే ప్రయత్నంలో జరిగిన నష్టాలు. జంప్ స్టార్ట్ పద్ధతి చిన్నదే. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, దాని రెండో కొస దిగిపోయిన బండి ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. చార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. చివరి కనెక్షన్ దగ్గర పుట్టే నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలి. ఎర్ర, నల్ల కేబుళ్లు తారుమారైతే క్షణంలో మెయిన్ ఫ్యూజు, దానితో పాటు డైనమోలోని డయోడ్లు పోవచ్చు. తారుమారు తర్వాత కారులో ఒక్క దీపమూ వెలగకపోతే ముందు చూడవలసింది బ్యాటరీ పక్కనే ఉండే మెయిన్ ఫ్యూజును. చిన్న ఫ్యూజులను రంగును బట్టి గుర్తుపట్టవచ్చు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కాలిన 10 స్థానంలో 30 వేయడం, ఇంకా ఘోరంగా రాగి తీగ చుట్టడం, ఫ్యూజు కాలవలసిన చోట వైరింగ్‌ను కాల్చడమే. మళ్లీ మళ్లీ కాలుతున్న ఫ్యూజు ఎక్కడో షార్ట్ ఉందని చెబుతోంది. దాని నోరు మూయించకూడదు.

డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసేసే అలవాటు రోడ్డు పక్క షెడ్లలో ఇంకా ఉంది. కంప్యూటర్లు లేని అంబాసిడర్ల కాలంలో అది చెల్లిపోయింది. ఇప్పటి కారులో, ఎగుడుదిగుళ్లను మింగే బ్యాటరీ పక్కకు తప్పుకోగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని ఏ కంప్యూటరునైనా చంపగలదు. మీటరు ఉండగా ఆ సాహసం అక్కర్లేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల మధ్య సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. లైట్లు, ఏసీ, ఫ్యాను అన్నీ వేసినా 13 కంటే కిందికి జారకూడదు. కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం కావాలనే చార్జింగ్ తగ్గిస్తాయి కాబట్టి, వాటిలో ఒక్క తక్కువ అంకె చూసి తీర్పు చెప్పకూడదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని నింపే పని డైనమోకు అప్పజెప్పడమూ తప్పే. అది గంటల తరబడి పూర్తి బరువు మోసి వేడెక్కుతుంది, బ్యాటరీ మాత్రం సగమే నిండుతుంది. ఆ పని రాత్రంతా నెమ్మదిగా చార్జ్ చేసే చార్జర్‌ది.

ఇవన్నీ సరిగ్గా ఉండి బ్యాటరీ మళ్లీ దిగిపోతుంటే, ఆగి ఉన్న బండిలో కరెంటు ఎక్కడో కారుతోంది. నిద్రపోయిన కారు కూడా అలారం, గడియారం, తాళాల రిసీవర్ కోసం కొద్దిగా తాగుతుంది. అది 50 మిల్లీ ఆంపియర్లకు లోపు ఉండాలి. చిన్న పెట్రోలు కార్లలో 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ మామూలు. 50 మిల్లీ ఆంపియర్ల లెక్కన అది 700 గంటల్లో, అంటే 29 రోజుల్లో ఖాళీ అవుతుంది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో అపార్ట్‌మెంట్ల కింద నిలిచిపోయిన కార్లు తర్వాత స్టార్ట్ కాకపోవడానికి చాలాచోట్ల ఏ లోపమూ కారణం కాదు, ఈ గుణకారమే. డిక్కీలో ఆరని 5 వాట్ల దీపమైతే సుమారు 0.4 ఆంపియర్ల చొప్పున మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది. మరిచిపోయిన హెడ్‌లైట్లకు నాలుగు గంటలు చాలు. ఎన్ని రోజుల్లో దిగిపోతోందో తెలిస్తే ఎంత కారుతోందో ముందే అంచనా కట్టవచ్చు.

కొలిచే పద్ధతికి ఓపిక కావాలి. బానెట్ తెరిచి, తలుపు గడియను స్క్రూడ్రైవర్‌తో నొక్కి తలుపు మూసినట్టు కారును నమ్మించి, తాళంచెవి దూరంగా పెట్టాలి. మీటరును 10 ఆంపియర్ల స్థానంలో నెగెటివ్ కేబుల్‌తో వరసలో కలపాలి. మొదట కొన్ని ఆంపియర్లు కనిపించినా కంగారుపడనక్కర్లేదు. కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, కొన్నింటికి గంట పడుతుంది. మీటరు తగిలి ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు పోతుంది. అంకె తగ్గకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడటం పాత పద్ధతి, కానీ పీకినప్పుడల్లా నిద్రపోయిన కంప్యూటరు లేవవచ్చు. అంతకంటే మంచిది, ఫ్యూజు నెత్తిన ఉన్న రెండు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం. కరెంటు పోని ఫ్యూజులో సున్నా ఉంటుంది, పోతున్న దానిలో అంకె కనిపిస్తుంది. దారి దొరికాక దాని మీద ఉన్న వస్తువులను విడదీసి చూడటమే మిగిలేది.

దోషులు ఎక్కువగా తర్వాత బిగించినవే: డ్యాష్‌క్యామ్, జీపీఎస్, తాళంతో సంబంధం లేని తీగకు కలిపిన మ్యూజిక్ సిస్టమ్. అతుక్కుపోయిన రిలే, ఎలుక కొరికిన తీగ, వానకు తడిసిన కనెక్టర్ తర్వాతి స్థానంలో ఉంటాయి. కొంచెం అరుదైనా బాగా మోసం చేసేది డైనమోలో లీకైన డయోడు. పగలు అది చార్జ్ చేస్తూనే ఉంటుంది, రాత్రి అదే దారిన కరెంటు వెనక్కి పోతుంది. దాన్ని పట్టుకోవడానికి చేయి చాలు. రాత్రంతా ఆగి, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డ పొద్దున డైనమో ఒళ్లు మాత్రం వెచ్చగా ఉంటే అనుమానం దాని మీదే. మీటరును ఏసీ వోల్టుల స్థానంలో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద కొలిచినప్పుడు 0.5 వోల్టులు దాటితే అనుమానం బలపడుతుంది.

ఎండ తీవ్రంగా ఉన్న చోట బ్యాటరీ లోపాలు త్వరగా బయటపడతాయి. వేడికి పలకల గ్రిడ్ క్షయించిపోవడం, నీరు ఆవిరవడం, తనంతట తాను చార్జ్ కోల్పోవడం మూడూ పెరుగుతాయి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో బయటే 45 డిగ్రీలు దాటితే బానెట్ కింద ఇంకా ఎక్కువ. తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేసే అమరరాజా వంటి సంస్థలు వేడి ప్రాంతాలకు తగిన రకాలు తెచ్చినా, వేడి చేసే పని ఆగదు, నెమ్మదిస్తుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని వేసవి చివర ఒకసారి బరువు కింద పరీక్షించడం చవకైన ముందుజాగ్రత్త.

ఎలక్ట్రిక్ కార్లకు ఇదంతా వర్తించదనుకోవడం పొరపాటు. వందల వోల్టుల పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులకు కరెంటు ఇచ్చేది వాటిలోని చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది దిగిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు మేలుకోదు. వాటిలో నారింజ రంగు కేబుళ్లను శిక్షణ లేనివారు ముట్టుకోకూడదు.

పని పూర్తయిందనడానికి గుర్తు బండి స్టార్ట్ అవడం కాదు. బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి, రాత్రి వోల్టేజి రాసుకుని, పొద్దున ఏదీ తాకకముందే మళ్లీ కొలిస్తే తేడా ఒకటి రెండు దశాంశాలకు మించకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఇంజన్ నడిచేటప్పుడు కొలతలు హద్దుల్లో ఉండాలి. చెరిపిన కోడ్‌లు తిరిగి రాకూడదు. ఈ మూడూ కుదిరితే బ్యాటరీని దించేసిన కారణం దొరికినట్టు. కుదరకపోతే మార్చిన భాగం ఎంత ఖరీదైనదైనా కారణం ఇంకా బండిలోనే ఉంది, వెతుకులాట మళ్లీ మొదటి కొలత నుంచే సాగాలి. బండి యజమాని డబ్బు చెల్లించేది ఊహకు కాదు, రుజువుకు. కొలతలను తేదీతో రాసి బిల్లుతో పాటు చేతికిచ్చే మెకానిక్ ఆ బాకీని నిజాయితీగా తీర్చినవాడవుతాడు.